ఇనుప షెడ్డులో పచ్చదనం ఎక్కడ మొదలెట్టాలి?

ప్రశ్న: విశాఖ ఆటోనగర్‌లో నాన్న, బాబాయి 20 ఏళ్లుగా స్టీల్ షెడ్లు కట్టే పని చేస్తున్నారు. పర్యావరణానికి మేలు చేసేలా నడుపుదామంటే బాబాయి 'అదంతా పెద్ద కంపెనీల సోకు' అంటున్నాడు. ఏం చెయ్యను?
- ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బాబాయితో పర్యావరణం మాట ఎత్తకండి బాబూ, తుక్కు మాట ఎత్తండి. స్టీల్ సెక్షన్లు, అంటే బీమ్‌లు, చానెళ్లు లాంటివి, మామూలుగా 12 మీటర్ల పొడవులో వస్తాయి కదా, మీకు 5.2 మీటర్ల ముక్కలు కావాలనుకోండి, రెండు కోశాక 1.6 మీటర్లు మిగులుతుంది. 200 ఎంఎం బీమ్ మీటరుకు సుమారు 25 కిలోలు, అంటే ఒక్క బీమ్‌కే 40 కిలోలు మూలన పడి తుప్పు పట్టి, చివరికి తుక్కు రేటుకి పోతుంది. కటింగ్ మొదలెట్టే ముందు అన్ని ఆర్డర్ల కొలతలూ ఒకే కాగితం మీద వేసుకుంటే, ఆ ముక్క పక్క షెడ్డులో బ్రాకెట్‌గా పనికొస్తుంది. మిగిలిన ముక్కల మీద సుద్దతో కొలత రాసి నిలబెట్టండి, కుప్పలో పడేస్తే ఎవరూ వెతకరు.

తర్వాత, ఇంజనీర్ ఒప్పుకున్న చోటల్లా సైటు జాయింట్లకు వెల్డింగ్ బదులు బోల్టులు వాడితే, రేపు షెడ్డు విప్పినా బీమ్‌లు మళ్లీ పనికొస్తాయి. పాత వెల్డింగ్ సెట్ల స్థానంలో తక్కువ కరెంటు తాగే ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్ పెడితే, తగ్గిన కరెంటు బిల్లు చూసి బాబాయే దారికొస్తాడు.

పెద్ద కంపెనీల సోకు అన్నాడుగా, 2024 డిసెంబరులో కేంద్రం గ్రీన్ స్టీల్‌కి స్టార్ రేటింగ్ ప్రకటించింది: టన్ను స్టీలు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్ 2.2 టన్నుల లోపుంటేనే గ్రీన్, 1.6 లోపైతే 5 స్టార్లు. రేపు క్లయింట్ ఆ రేటింగ్ కాగితం అడిగితే? మీ డీలర్‌ని ఇప్పుడే అడిగి చూడండి.