స్టీల్ మ్యాచ్ కి మొదటిసారి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నేను పేపర్ టార్గెట్ మీద పిస్టల్ కాలుస్తుంటాను, గురి పర్లేదు. ఇప్పుడు మా క్లబ్ లో సరదాగా స్టీల్ ప్లేట్ల మ్యాచ్ పెడుతున్నారు, రమ్మంటున్నారు. అందరూ టకటకా కొట్టేస్తుంటే నేను నిదానంగా కాలిస్తే నవ్వుకోరా? స్కోరు ఎలా లెక్కేస్తారు?

జవాబు: నవ్వరండీ. మీ టైం ఎంతొచ్చిందో మీకు తప్ప ఎవరికీ గుర్తుండదు, వాళ్ళు చూసేదల్లా మీ పిస్టల్ మూతి ఎటు తిరుగుతోంది, గురి పెట్టకముందే ట్రిగ్గర్ మీద వేలు పడుతోందా అని, అందులో తేడా వస్తే మాత్రం ఎంత ఫ్రెండ్లీ మ్యాచ్ అయినా ఇంటికి పంపించేస్తారు.

ఇక స్కోరు అంటారా, పాయింట్లు గీయింట్లు లేవు, టైమే స్కోరు. చాలా చోట్ల 1981లో కాలిఫోర్నియాలో మొదలైన స్టీల్ ఛాలెంజ్ పద్ధతే నడుస్తుంది. స్టేజ్ కి (అంటే ప్లేట్లు ఒక్కో రకంగా పేర్చిన చోటుకి) ఐదు ప్లేట్లు, అందులో ఒకటి స్టాప్ ప్లేట్, అది కొడితే టైం ఆగుతుంది. బీప్ రాగానే మిగతా నాలుగూ మీకు నచ్చిన వరసలో కొట్టి, చివర్లో స్టాప్ ప్లేట్ కొట్టాలి. అలా ఒకసారి కొడితే ఒక స్ట్రింగ్, మొత్తం ఐదు స్ట్రింగులు, చెత్త టైం ఒకటి తీసేసి మిగతా నాలుగూ కలుపుతారు (ఔటర్ లిమిట్స్ స్టేజ్ లో నాలుగే స్ట్రింగులు, మూడే కలుపుతారు). ఎంత ఘోరంగా పోయినా ఒక స్ట్రింగ్ కి 30 సెకండ్లు దాటి వెయ్యరు.

కొత్తవాళ్ళు దెబ్బతినేది ఎక్కడంటే, వదిలేసిన ప్రతి ప్లేట్ కీ 3 సెకండ్లు పెనాల్టీ పడుతుంది. తప్పిందని తెలిస్తే ఇంకో షాట్ వెయ్యండి, మహా అయితే ఒక సెకండ్ పోతుంది, మూడు మిగులుతాయా లేదా? కానీ అది స్టాప్ ప్లేట్ కి ముందే వెయ్యాలి, స్టాప్ ప్లేట్ మోగాక ఇంక ఎన్ని కొట్టినా లెక్కలోకి రావు.

ఇంకోటి, ప్రతి షాట్ కీ "టింగ్" వినిపించేదాకా ఆగి, తల ఎత్తి ప్లేట్ వంక చూసే అలవాటు మానండి. ట్రిగ్గర్ పడ్డ క్షణంలో పిస్టల్ సైట్ (గురి చూసే ముల్లు) ఎక్కడుందో చూస్తే తగిలిందో లేదో చెవికంటే ముందు కంటికే తెలిసిపోతుంది. స్మోక్ అండ్ హోప్ స్టేజ్ లో గమనించండి, నాలుగు ప్లేట్లు 18 బై 24 అంగుళాల తలుపుల్లాంటివి, స్టాప్ ప్లేట్ మాత్రం 12 అంగుళాల గుండ్రంది, పెద్దవాటిని ఝాడించిన ఊపులోనే చిన్నదాన్ని కూడా కొట్టబోయి అందరూ అక్కడే బోల్తా పడతారు!

ప్రశ్న: హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే నడుం తొడుగు) కొనాలా? బుల్లెట్లు ఎన్ని పట్టుకెళ్ళాలి?

జవాబు: పాయింట్ 22 రిమ్‌ఫైర్ పిస్టల్ (చిన్న బుల్లెట్లు కాల్చేది) ఉంటే అక్కర్లేదు, రిమ్‌ఫైర్ వాళ్ళు పిస్టల్ కిందికి చూపిస్తూ చేతిలో పట్టుకునే స్టార్ట్ చేస్తారు, కొత్తవాళ్ళకి నన్నడిగితే అదే బెస్ట్. మొత్తం 8 స్టేజ్ లు ఒక్కటి కూడా తప్పకుండా కొట్టినా 195 బుల్లెట్లు కావాలి, మనం తప్పుతాం కాబట్టి 300 పెట్టుకోండి. మ్యాగజైన్లు ఐదు ఉంటే ప్రాణం హాయి, స్ట్రింగ్ స్ట్రింగ్ కీ నింపుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ప్రశ్న: మావారు షూట్ చేస్తారు, నేను ఊరికే చూడటానికి వెళ్తాను. నాకు కూడా సేఫ్టీ కళ్ళజోడు పెట్టుకోమన్నారు, అవసరమా?

జవాబు: తప్పకుండా పెట్టుకోవాలమ్మా. బుల్లెట్ స్టీల్ కి తగిలి చితికిపోయి చిన్న చిన్న సీసం ముక్కలు పక్కలకి చిమ్ముతాయి, ప్లేట్ మీద గుంటలు పడి ఉంటే అవి వెనక్కి కూడా వస్తాయి. అందుకే గట్టి స్టీల్ వాడతారు, మరీ దగ్గర నుంచి కాల్చనివ్వరు, స్టీల్ కోర్ బుల్లెట్లు అసలు రానివ్వరు. అయినా ఎప్పుడో ఒక ముక్క చెంపకి తగులుతుంది, గీరుకుపోతుంది అంతే, కానీ కంట్లో పడితే అంతేసంగతులు. మామూలు నంబర్ కళ్ళజోడు చాలదు, పక్కల కూడా కప్పేది కావాలి. చెవులకి మఫ్స్ కూడా మర్చిపోకండి.