జీతం తగ్గింది, కుక్కపిల్ల టీకాలు ఆపి బీమా తీసుకోవచ్చా?

ప్రశ్న: కొవిడ్ మహమ్మారి మూలంగా నా జీతంలో మూడోవంతు కోత పడింది. ఇంట్లో మూడు నెలల ఆడ కుక్కపిల్ల, ఆరేళ్ల మగ పిల్లి ఉన్నాయి. ఈ ఏడాది వాటి టీకాలు, పరీక్షలు వాయిదా వేసి, ఆ డబ్బుతో రెండింటికీ బీమా చేయిద్దామనుకుంటున్నాను. ఇంట్లో ఉండే మా ఇద్దరు మనుషులకూ ఒకేసారి జబ్బు చేస్తే వాటిని ఎవరు చూస్తారన్న బెంగ కూడా ఉంది.

జవాబు: బెంగ సబబే, బీమా ఆలోచన మాత్రం తలకిందులుగా ఉంది. టీకాలు వేయించకపోతే, టీకాతో ఆగే జబ్బులకు చాలా పాలసీలు క్లెయిమ్ ఇవ్వవు. పైగా పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ చేయడానికి కొన్నాళ్లు వేచి ఉండాలి, పాత జబ్బులు లెక్కలోకి రావు. చాలా చోట్ల బిల్లు ముందు మీరే కట్టి, తర్వాత రాబట్టుకోవాలి. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో అది పెద్ద చిక్కు.

కుక్కపిల్ల టీకాలు ఒక్కటి కూడా ఆపకండి. కనీసం పదహారు వారాల వయసు వచ్చేదాకా రెండు నుంచి నాలుగు వారాలకు ఒకటి చొప్పున పడాలి. మధ్యలో ఆపితే, కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్‌కు దారి వదిలినట్టే. అది సోకితే రోజుల తరబడి ఆస్పత్రిలో సెలైన్ పెట్టించాలి. ఆ బిల్లు ముందు టీకాల ఖర్చు ఏపాటిది? రేబిస్ టీకా సరేసరి, లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బుకు మందు లేదు.

పిల్లి సంగతి వేరు. చిన్నప్పటి టీకాలు, బూస్టర్లు సక్రమంగా పడి ఉంటే కొన్నిటిని మూడేళ్లకోసారి వేస్తే చాలు. డాక్టరుకు ఫోన్ చేసి కార్డు చూసి చెప్పమనండి, ఈ ఏడాది ఖర్చే ఉండకపోవచ్చు. పళ్లు శుభ్రం చేయించడం, గోళ్లు, స్నానం లాంటివి నిరభ్యంతరంగా ఆపండి. కుక్కపిల్లకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కొన్ని వారాలు ఆలస్యమైనా పరవాలేదు. ఏళ్లు గడిస్తే మాత్రం గర్భాశయంలో చీము పట్టే ముప్పు పెరుగుతుంది.

మగ పిల్లి మాటిమాటికీ ఇసుక తొట్టెలోకి వెళ్లి, ముక్కుతూ, చుక్క కూడా పోయకుండా బయటికి వస్తోందా? మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. తెల్లారేదాకా ఆగారంటే బిల్లూ పెరుగుతుంది, ప్రాణం మీదికీ వస్తుంది. ఇలాంటి అత్యవసర చికిత్సకు ఎంతవుతుందో ఇప్పుడే అడిగి, ఆ మొత్తమే లక్ష్యంగా విడి ఖాతా తెరవండి. జీతం పడిన రోజునే కొంత అందులోకి దానంతటదే వెళ్లేలా చూడండి. వాయిదాల్లో కట్టనిస్తారా అని కూడా ఇప్పుడే కనుక్కోండి. ఆపద మీద పడ్డాక బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు.

కొవిడ్ భయంతో చేసే పనులు కూడా జేబుకు చిల్లు పెడతాయి. శానిటైజర్‌తో, బ్లీచింగ్ నీళ్లతో కుక్క, పిల్లి ఒళ్లు తుడిస్తే అవి దాన్ని నాకి విషం తెచ్చుకుంటాయి. కొవిడ్ బొచ్చు ద్వారా మనుషులకు సోకుతుందని ఆధారాలు దొరకలేదు, ఎక్కువగా మనుషుల నుంచే జంతువులకు సోకింది. పిల్లికి జ్వరమని మనం వేసుకునే పారాసెటమాల్ ఇచ్చారో, ఒక్క మాత్రే చంపేయగలదు.

ఇక మీరిద్దరూ మంచాన పడితే: నమ్మకస్తులు ఒకరిని, వారికి కుదరకపోతే మరొకరిని ఇప్పుడే ఒప్పించండి. రెండు వారాలకు సరిపడా మేత, మందులు, టీకా కార్డు ఒకచోట పెట్టండి. చికిత్సకు ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చో రాసి, సంతకం చేసి, ఒక ప్రతి వారికి, ఒక ప్రతి డాక్టరుకు ఇవ్వండి. కొంత సొమ్ము ముందే వారి చేతిలో పెట్టండి. పరాయి జంతువుకు సొంత డబ్బు పెట్టాల్సి వస్తే ఎంత మంచివాళ్లైనా వెనకాడతారు.

జీతం మళ్లీ గాడిన పడ్డాక బీమా కుక్కపిల్లకు మాత్రమే చూడండి. చిన్న వయసు కాబట్టి ప్రీమియం తక్కువ, పాత జబ్బుల పేచీ ఉండదు. పిల్లికి ఆ విడి ఖాతాయే నయం.