మైకు సెట్ పెట్టిన తమ్ముని కొడుకుకు

చిరంజీవికి పెద్దనాయన ఆశీస్సులు.

దేవరకొండలో మైకు సెట్ పెట్టుకున్నావని, వచ్చే మల్లన్న పట్నాలకు ఒగ్గుకథ మైకులు నీవే కడుతున్నావని తెలిసి సంతోషించాను. వాట్ల లెక్క కంటే ముందు ఒక సంగతి నీకు తెలియాలి.

మన చెవి సుమారు 20 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్ని కంపనాలు) నుండి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది గాని, పాటలోని శక్తి ఆ మేరంతా సమానంగా పంచుకొని ఉండదు. డోలు దెబ్బ వంటి కింది శబ్దాలే ఆంప్లిఫయర్ కరెంటులో పెద్ద వాటాను తీసుకుంటాయి. చాలా పాటల్లో 5,000 హెర్ట్జ్ పైన ఉండేది మొత్తంలో చిన్న భాగమే. అందుకే ఆ పై శబ్దాలను పలికించే చిన్న స్పీకరైన ట్వీటర్‌లో సన్నని తీగచుట్ట సరిపోతుంది. తాళాల మోత చెవికి గట్టిగా తాకుతుందంటే అందులో శక్తి ఎక్కువని కాదు, 2,000 నుండి 5,000 హెర్ట్జ్ మధ్య మన చెవికే చురుకు ఎక్కువ.

ఈ భేదం తెలియక నేను తొలినాళ్లలో ఒక జాతరలో రెండు ట్వీటర్లు కాల్చుకున్నాను. బేస్‌ను, అంటే కింది శబ్దాలను, 6 డెసిబెల్ (ధ్వని బలపు కొలత) పెంచితే ఆ మేరకు 4 రెట్ల శక్తి కావాలి. ఆంప్లిఫయర్ అంత ఇవ్వలేక అలల కొనలను కోసేస్తే, ఆ కోత నుండి పుట్టిన పై శబ్దాలు ట్వీటర్ మీద పడి దాన్ని మాడ్చివేస్తాయి. ట్వీటర్ కాలిందని ట్రెబుల్ (పై శబ్దాలు) తగ్గించేవారిని చూశాను, తప్పు బేస్ దగ్గర ఉంటుంది. ఆంప్లిఫయర్ మీద ఆ కోతను చూపే ఎర్రలైటు వెలిగితే ముందు బేస్ నాబ్ మీద చెయ్యి వెయ్యి.

పగలు మెల్లని శబ్దంతో సరిచేసిన నాబులను రాత్రి అలాగే ఉంచి ధ్వని పెంచవద్దు. శబ్దం తగ్గినప్పుడు కింది స్వరాలు చెవికి మరింత తక్కువగా తోస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే చూపించారు. పగలు చాలదనుకొని పెంచిన బేస్ రాత్రి కథనంతా ముంచేస్తుంది.

కథకుని మైకుకు 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ పెట్టు, అంటే అంతకు కింది శబ్దాలను తగ్గించు. అచ్చుల్లో బలం ఉంటుంది, కాని మాట అర్థమయ్యేది హల్లుల వల్ల. స, శ, చ వంటివి చాలావరకు 2,000 హెర్ట్జ్ పైన ఉంటాయి. ఆ సన్నని ధ్వని దూరం పోయే కొద్దీ గాలిలో త్వరగా సన్నగిల్లుతుంది, అడ్డం వచ్చిన తలల వెనుకకు సరిగా చేరదు. కాబట్టి బాక్సులను జనం తలల కంటే ఎత్తున కట్టి, కథ ఆరంభమైనాక చివరి వరుస వరకు నడిచివెళ్లి విను. అక్కడ స, శలు విడివిడిగా తెలియకపోతే వాల్యూమ్ ముట్టకుండా బేస్ కొంత దించి మళ్లీ విను.