పాత ప్లాట్‌ఫారాల పేజీలు తీసేయబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

టెక్స్ట్ ఎడిటర్ హెల్ప్ ఫైళ్లలో కాలం చెల్లిన ప్లాట్‌ఫారాల (అంటే పాత కంప్యూటర్లు, ఆపరేటింగ్ సిస్టంల) గురించి ఉన్న రాతలన్నీ తీసేసే పని నువ్వు తలకెత్తుకున్నావని విని చాలా సంతోషించాను. ఇలాంటి పనికి పెద్దగా మెప్పు దక్కదు, కొత్త ఫీచరు రాసినవాళ్లకే అదంతా పోతుంది. అయినా ఏదో ఆప్షన్ గురించి తెలుసుకుందామని హెల్ప్ తెరిచిన మనిషి, ఎప్పుడూ చూడని యంత్రాల కబుర్లు నాలుగు పేరాలు దాటితే గానీ తనకు కావలసిన ముక్క దొరకకపోతే, మళ్లీ హెల్ప్ జోలికి రాడు. అందుకే నీకు తోచినట్టు చేసెయ్యమని ఊరుకోలేక ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. విమ్ అనే ఎడిటర్ హెల్ప్ నీకు బాగా అలవాటు కాబట్టి ఉదాహరణలు చాలావరకు అక్కడివే ఇస్తాను.

ముందు కోడు చూడు తల్లీ. కోడులోంచి మద్దతు పోయిందని నీ కళ్లతో చూశాకే హెల్ప్‌లో చెయ్యి పెట్టు. విండోస్‌కన్నా ముందటి ఆపరేటింగ్ సిస్టం ఎం.ఎస్.డాస్‌నే తీసుకో. విమ్‌లో దానికి 2016లో, 7.4.1399 ప్యాచ్‌తో (నంబరు వేసిన చిన్న కోడు మార్పుతో) మద్దతు తీసేశారు, కాబట్టి అక్కడ ఆ పాఠం తగ్గించడం సబబే. ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్‌లో అదే డాస్‌కి మద్దతు ఇంకా ఉంది, మాన్యువల్లో దాని సంగతులూ ఉన్నాయి. వాడేవాళ్లు కొద్దిమందే అయినా అక్కడ ఆ పేజీలు ముట్టుకోవడం తప్పు. "ఇప్పుడిది ఎవరు వాడతారులే" అన్న అంచనా మీద ఒక్క వాక్యం కూడా తీయకు.

ఆ తర్వాత వెతకడం. ప్లాట్‌ఫారం పేరు పెట్టి గ్రెప్ (ఫైళ్లలో మాట వెతికే కమాండు) కొట్టి, దొరికిన లైనల్లా చెరిపేద్దామనిపిస్తుంది. అదే చేయకూడదు. పాత హెల్ప్‌లో డాస్ పేరు చాలాచోట్ల విండోస్‌తో జంటగా ఉండేది. బ్యాకప్‌లు ఎక్కడ దాచాలో చెప్పే బ్యాకప్‌డిర్ ఆప్షన్‌కి మొదట ఏ విలువ ఉంటుందో చెప్పే చోట అమీగా కంప్యూటర్‌కి ఒక లైను, డాస్‌కీ విన్32కీ (అంటే విండోస్‌కీ) కలిపి ఒక లైను, యూనిక్స్‌కి ఒక లైను ఉండేవి. డాస్ పేరుందని ఆ లైను మొత్తం తీసేస్తే, ఇవాళ విండోస్ మీద పనిచేసేవాళ్లకు తమ బ్యాకప్‌లు ఎక్కడికి పోతున్నాయో చెప్పే దిక్కుండదు. కలుపు మొక్క వేళ్లు పైరు వేళ్లతో పెనవేసుకున్నచోట చేత్తో విడదీసి పీకాల్సిందే. అందుకని గ్రెప్ చూపిన ప్రతి లైనునూ, దాని పైనా కిందా ఉన్న పేరాతో కలిపి చదువు. విసుగు పుడుతుంది, నిజమే. ఈ పనిలో ఎక్కువ సమయం తినేది ఇదే, తినాల్సిందీ ఇదే.

కొన్నిచోట్ల ప్లాట్‌ఫారం పోయినా దాని అలవాటు మిగిలిపోతుంది. విండోస్‌లో విమ్ సెట్టింగుల ఫైలు పేరు చుక్కకు బదులు అండర్‌స్కోరుతో ఎందుకు మొదలవుతుంది? డాస్‌లో ఫైలు పేరు చుక్కతో మొదలుకావడానికి వీల్లేదు గనుక. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు, విండోస్‌లో విమ్ రెండు పేర్లనూ వెతుకుతుంది. కానీ డాస్ ప్రస్తావన పూర్తిగా తుడిచేస్తే అండర్‌స్కోరు ఎందుకొచ్చిందో చదివేవాళ్లకు అంతుబట్టదు. ఇలాంటి కారణాలను వర్తమానంలోంచి భూతకాలంలోకి మార్చి ఒక్క వాక్యంగా ఉంచు. "డాస్‌లో వీలుకాదు" అన్నది "డాస్‌లో వీలయ్యేది కాదు" అయితే చాలు.

ఫైళ్ల విషయం ఇంతకన్నా ముఖ్యం. యంత్రం అటకెక్కినా, దాని మీద రాసిన ఫైళ్లు చేతులు మారుతూనే ఉంటాయి. పాత మ్యాకింటాష్ సిస్టం, అంటే 9వ వెర్షన్ దాకా వచ్చినది, లైను చివర క్యారేజ్ రిటర్న్ అనే గుర్తు ఒక్కటే పెట్టేది. ఆ సిస్టం మీద విమ్ నడవకపోయినా, లైను ముగింపు ఏ రకమో చెప్పే ఫైల్‌ఫార్మాట్ ఆప్షన్‌లో మ్యాక్ అన్న విలువ ఇప్పటికీ ఉంది. ఇంకో ఉదాహరణ చూడు. డాస్ కాలపు ఫైళ్లలో చివర, ఫైలు ముగిసిందని చెప్పే కంట్రోల్-జెడ్ అనే గుర్తు ఉండేది. దాన్ని పోగొట్టకుండా కాపాడే ఎండ్‌ఆఫ్‌ఫైల్ ఆప్షన్‌ని 9.1 వెర్షన్ కొత్త ఆప్షన్లలో ఒకటిగా చూపించారు. అది 2024లో వచ్చిన వెర్షన్, డాస్‌కి మద్దతు తీసేసి అప్పటికి ఏడేళ్లు దాటింది! కాబట్టి లైను ముగింపులు, కోడ్‌పేజీలు (పాత అక్షర సంకేతాల పట్టికలు), పొట్టి ఫైలు పేర్లు కనబడినచోట ఆగు. ఆ మాట యంత్రం గురించా, ఫైలు గురించా అని అడుగు. ఫైలు గురించైతే ఉంచేయ్.

ఆప్షన్ల పేర్ల దగ్గర కూడా తొందరపడకు. బయోస్‌కీ, కాన్స్‌కీ అనే రెండు ఆప్షన్లు డాస్ కోసమే ఉండేవి. ఓఎస్‌ఫైల్‌టైప్ అనేది రిస్క్ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టం కోసం. ఇప్పుడవి ఏ పనీ చేయవు. అయినా విమ్ హెల్ప్‌లో ఆ పేర్లు ఉంచి, కింద ఇది ఫలానా ప్లాట్‌ఫారం కోసం ఉండేది, ఇప్పుడు మద్దతు లేదు అని రాశారు. ఎవరి సెట్టింగుల ఫైల్లోనో ఆ పేరు కనబడి, ఇదేంటని హెల్ప్ అడిగినవాళ్లకు దీనికి హెల్ప్ లేదు అనే 149వ నంబరు ఎర్రర్ బదులు సమాధానం దొరుకుతుంది. నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది. నువ్వూ అదే పాటించు.

ప్లాట్‌ఫారానికి విడిగా ఉన్న ఫైలు సంగతి కూడా ఇంతే. మొత్తం ఖాళీ చేయి, కానీ ఫైలు పేరూ ట్యాగూ (హెల్ప్‌లో ఆ చోటికి దూకడానికి వాడే పేరు) ఉంచి, రెండు మూడు వాక్యాలు మిగుల్చు. ఏ ప్యాచ్‌తో మద్దతు పోయింది, ఇంకా కావాలంటే దేనికన్నా పాత వెర్షన్ తెచ్చుకోవాలి, అంతే. ఓఎస్/2 అనే మరో ఆపరేటింగ్ సిస్టం ఫైల్లో 7.4.1008 అని, రిస్క్ ఓఎస్ ఫైల్లో 7.3.187 అని విమ్ వాళ్లు అలాగే రాసి పెట్టారు. పాత యంత్రాన్ని ఇంకా నడుపుకుంటున్న ఒక్క మనిషి వచ్చినా, ఆ రెండు వాక్యాలే అతనికి దారి చూపిస్తాయి.

వెర్షన్ల చరిత్ర చెప్పే ఫైళ్లను మాత్రం అసలు తాకకు. ఆ వెర్షన్ నాటికి ఆ మాట నిజం.

ట్యాగులు తీసిన ప్రతిసారీ రెండు పనులు చేయి. ట్యాగుల పట్టిక కట్టే హెల్ప్‌ట్యాగ్స్ కమాండు మళ్లీ నడుపు, ఒకే ట్యాగు రెండుచోట్ల పడితే అది 154వ నంబరు ఎర్రర్‌తో చెబుతుంది. తెగిపోయిన లింకుల గురించి మాత్రం అది నోరెత్తదు. కాబట్టి తీసేసిన ట్యాగు పేరు లింకులు రాసే నిలువు గీతల మధ్య ఇంకెక్కడైనా మిగిలిందేమో నువ్వే వెతుక్కోవాలి. వేరే భాషల్లోకి అనువదించేవాళ్లు ఉంటే వాళ్లకు తీసేసిన ట్యాగుల పట్టిక పంపించు. వాళ్లు వాక్యం వాక్యం పోల్చి చూసుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ఒక్కో ప్లాట్‌ఫారానికి ఒక్కో కమిట్ (విడిగా నమోదయ్యే మార్పు) పెట్టు. అన్నీ కలిపి ఒకేసారి తీస్తే, ఎవరైనా "ఇది ఇంకా కావాలి" అన్నప్పుడు దాన్నొక్కదాన్నే వెనక్కి తేవడం కష్టం. అలా అడిగేవాళ్లు వస్తారు. వచ్చినప్పుడు వాళ్లతో ఓపిగ్గా మాట్లాడు. ఆ యంత్రం గురించి వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. కమిట్ సందేశంలో కోడు తీసేసిన ప్యాచ్ నంబరు తప్పకుండా రాయి.

ప్రస్తావనలు అన్నిటికన్నా తక్కువగా ఉన్న ప్లాట్‌ఫారంతో మొదలుపెట్టి, ఆ మొదటి మార్పు నాకు పంపు. లైను లైనూ చదివి చెబుతాను.