బడిలో నిప్పు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నెలలో రెండుసార్లు మా హైస్కూల్లో చెత్తడబ్బాకు ఎవరో నిప్పు పెట్టారు. ఏడో తరగతి పిల్లల పనేనని తేలింది. టీసీ ఇచ్చి పంపేయాలా?
– ఒక హెచ్‌ఎం, ప్రకాశం జిల్లా

జవాబు: టీసీ ఇస్తే ఆ అలవాటు ఇంకో బడికి పోతుంది, అంతే. తల్లిదండ్రుల్ని పిలిపించి, ఒక్కొక్కరినీ విడిగా అడగండి: అగ్గిపెట్టె ఎక్కడిది, అంటుకున్నాక ఏం చేశావు? సరదాకి అంటించినవాడు మంట లేచేసరికి బెదిరి పారిపోతాడు, లేదా ఎవరికో చెప్పేస్తాడు. కాగితాలు ముందే పోగేసి, ఎవరూ లేని వేళ చూసి, ఒకరి సంచికే అంటించినవాడి సంగతి వేరు. వెనక కోపమో, తోటివాళ్ల వేధింపో ఉండొచ్చు. వాణ్ణి మానసిక వైద్యులకు చూపించాలి; ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసినా సలహా ఇస్తారు. కొట్టడం, ప్రార్థనలో నిలబెట్టడం పనికిరావు. కొట్టడాన్ని చట్టం నిషేధించింది కూడా.

ఇలాంటి పిల్లలు పెట్రోలు తెచ్చుకోరు, అక్కడ దొరికిందే అంటిస్తారు. కాబట్టి దొరక్కుండా చేయండి. చెత్తడబ్బా మూతున్న ఇనుపది కావాలి, గోడకూ కిటికీలకూ దూరంగా ఉండాలి. ప్లాస్టిక్‌దైతే కరిగి అదీ మండుతుంది. మెట్ల కింద విరిగిన బెంచీలు, పాత జవాబుపత్రాల కట్టలు లేని బడి అరుదు. ముందు అవి తీయించండి. అక్కడ మంట లేస్తే పొగంతా మెట్ల మీదుగానే పైకి పోతుంది, పైఅంతస్తు పిల్లలు దిగాల్సిన దారీ అదే. 2004 జులై 16న కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు చనిపోయారు. వంటగదిలో లేచిన మంట ఆకుల కప్పుకు అంటుకుంది. వంటగది, ల్యాబ్ అగ్గిపెట్టెలు తాళంలో ఉంచండి. ఆవరణలో ఎండుటాకులు పిల్లల ముందే కాల్చడం మానండి.

ప్రశ్న: రెండో తరగతి పాపకు ఏం నేర్పాలి?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: చెప్పి ఊరుకోకండి, చేయించండి. బట్టలంటుకుంటే పరుగెత్తకూడదు, గాలికి మంట ఇంకా రాజుకుంటుంది. ఆగి, చేతులతో ముఖం కప్పుకుని, నేల మీద దొర్లాలి. పొగ కమ్మితే మోకాళ్ల మీద పాకాలి. చాలామంది మరిచేది ఒకటుంది: భయమేస్తే చిన్నపిల్లలు మంచం కిందో, బీరువా వెనకో దాక్కుంటారు. అది వద్దని, బయటికే రావాలని పదేపదే చెప్పండి. కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి. సిరా, టూత్‌పేస్ట్, పసుపు రాయొద్దు. 101 లేదా 112కి చేసి ఊరు, వీధి, దగ్గరి గుర్తు చెప్పడం బొమ్మ ఫోన్‌తో ఆడించండి.

ప్రశ్న: బడిలో మంటలార్పే సిలిండర్ ఉంది, వాడటం ఎవరికీ రాదు.
– ఒక ఉపాధ్యాయురాలు, కర్నూలు

జవాబు: పిన్ను లాగి, రెండు మీటర్ల దూరం నుంచి మంట మొదలుకు గురిపెట్టి, హ్యాండిల్ నొక్కి అటూ ఇటూ ఊపాలి. పైన లేచే జ్వాల మీద కొడితే పొడి వృథా. పొడి కొన్ని సెకన్లలోనే అయిపోతుంది కనుక వీపు తలుపువైపు ఉండాలి. చెత్తడబ్బా అంత చిన్న మంటకే అది; గది అంటుకుంటే పిల్లల్ని దించడమే పని. నెలకోసారి సిలిండర్ మీది ప్రెషర్ మీటర్లో ముల్లు ఆకుపచ్చలో ఉందో లేదో చూడండి.