హెచ్‌సీ-05 చెడిపోలేదు, దాని పని వేరు

ప్రశ్న: సార్, మాది చండూరు దగ్గర పల్లె. డిగ్రీ సెకండియర్. రాస్ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి చిన్న తెర, యూఎస్‌బీ కీబోర్డు, బ్యాటరీ పెట్టి చేతిలో ఇమిడే లినక్స్ కంప్యూటర్ చేసుకున్నాను. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కోసం కోఠిలో హెచ్‌సీ-05 మాడ్యూల్ కొని వైర్లు కలిపాను. లైటు గబగబా కొట్టుకుంటోంది గానీ, లినక్స్‌లో బ్లూటూత్‌ని చూసుకునే బ్లూటూత్‌సీటీఎల్ కమాండ్‌లో చూస్తే కంట్రోలరే లేదంటోంది. మాడ్యూల్ పోయిందా? నాన్న బత్తాయిలు అమ్మిన డబ్బులతో కొన్నది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ వద్దు తమ్ముడూ, మాడ్యూల్ బాగుంది. లైటు అలా కొట్టుకుంటోందంటే జత కోసం చూస్తోందని అర్థం.

హెచ్‌సీ-05 బ్లూటూత్ పనంతా లోపల తనే చేసుకుని, బయటికి సీరియల్ డేటా (వైరు మీద ఒక్కో బిట్టుగా వెళ్లేది) మాత్రమే ఇస్తుంది. లినక్స్‌లో బ్లూటూత్ నడిపే సాఫ్ట్‌వేర్ బ్లూజెడ్‌కి తన మాట వినే రేడియో కావాలి. వాళ్లిద్దరూ మాట్లాడుకునే భాష హెచ్‌సీఐ, అది ఈ మాడ్యూల్‌కి రాదు. పాటలు మోసే బ్లూటూత్ పద్ధతి (ప్రొఫైల్) కూడా ఇందులో లేదు. ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు, ఆ తిప్పలు పడకు.

నీకు కావాల్సింది చిన్న యూఎస్‌బీ బ్లూటూత్ డాంగిల్. పై జీరోలో డేటాకి యూఎస్‌బీ ఒక్కటే, అందులో కీబోర్డు కూర్చుంది. బోర్డు వెనక పీపీ22, పీపీ23 అనే చుక్కలున్నా అవీ అదే పోర్టువి. కాబట్టి ఒక పోర్టును పలు పోర్టులు చేసే హబ్ బోర్డు తప్పదు. హబ్‌ను ఆ చుక్కలకు టంకం పెట్టి, కీబోర్డునీ డాంగిల్‌నీ హబ్‌కి కలుపు. ఆకుపచ్చ వైరు 22కి, తెల్లది 23కి. నల్లగొండలో మా రిపేరు బల్ల మీద ఒకసారి ఈ రెండూ తారుమారు చేసి పొద్దంతా పోగొట్టుకున్నాను. డీమెసేజ్‌లో (లినక్స్ సందేశాల చిట్టాలో) 'లో-స్పీడ్' అని, వెంటనే 'ఎర్రర్ -71' అని వస్తుంటే హబ్ చిప్పే నకిలీదనుకున్నా. నీకూ అలా వస్తే ముందు ఆ రెండు వైర్లు చూడు.

డాంగిల్ పై తొడుగు విప్పితే పచ్చబోర్డు చివర పాము మెలికల్లా రాగి గీత కనిపిస్తుంది. అదే యాంటెన్నా. దాని మీద బ్యాటరీ గానీ, రేకు గానీ పడకూడదు. నేను చేసిన మొదటి పెట్టె అల్యూమినియం రేకుది. జేబులో పెట్టుకుంటే చాలు, చెవిలో పాట ముక్కలు ముక్కలయ్యేది. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, ఆ గీతను అంచుకు తెచ్చాక ఇల్లంతా తిరిగినా తెగలేదు.

ఆ తర్వాత, శబ్దం చూసుకునే పల్స్‌ఆడియో సాఫ్ట్‌వేర్ వాడుతుంటే దాని బ్లూటూత్ ప్యాకేజీ విడిగా వేసుకో. అది లేకే చాలామందికి ఇయర్‌ఫోన్ జతయ్యి కూడా శబ్దం రాదు.

ఇక హెచ్‌సీ-05ను పారేయకు. ఆర్డునో అనే చిన్న కంట్రోల్ బోర్డుకి తేమ సెన్సర్, ఈ మాడ్యూల్ కలిపి బత్తాయి చెట్టు మొదట్లో పెట్టు. ఆర్డునో ఊనో 5 వోల్టులది, మాడ్యూల్‌లో డేటా అందుకునే ఆర్ఎక్స్ కాలు 3.3 వోల్టులదే. మధ్యలో 1కే, 2కే రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించు. డాంగిల్ అమరాక ఈ మాడ్యూల్ నీ కంప్యూటర్‌కి మామూలుగా 1234 పిన్‌తో జతవుతుంది. పది మీటర్ల లోపు గట్టు మీద నిలబడి, చెట్టు కింద తడి ఎంతుందో నీ చేతిలోని తెర మీదే నాన్నకు చూపించొచ్చు.