మామిడి కాయలో పురుగు: రాలిన కాయలు ఏం చేస్తున్నారు?

అన్నా, మీరు అడిగింది ఇదీ: జగిత్యాల దగ్గర 4 ఎకరాల మామిడి, పైకి నున్నగా ఉన్న కాయ కోస్తే లోపల తెల్ల పురుగులు, మూడుసార్లు మందు కొట్టినా తగ్గలేదు, ఇంకా గట్టి మందు ఏదైనా ఉందా అని. లేదన్నా. పురుగు లోపలికి పోయాక పైన ఏం కొట్టినా దానికి అందదు. పైగా కోతకు దగ్గర్లో కొట్టిన మందు తినేవాళ్ల కడుపులోకి పోతుంది.

ముందు నాలుగు కాయలు కోసి, పురుగు కండలో ఉందా టెంకలో ఉందా చూడండి. టెంకలో ఉంటే అది టెంక పురుగు, దాని కథ వేరు. కండలో కాళ్లు లేని తెల్ల పురుగులు గుంపుగా ఉండి, పళ్లెంలో వేస్తే ఒళ్లు వంచి టపటపా ఎగిరి పడుతుంటే అది పండు ఈగే. కాయ పైన సూదితో గుచ్చినంత చుక్క ఉంటుంది, దాని చుట్టూ వేలితో నొక్కితే మెత్తగా తగులుతుంది. ఆడ ఈగ గుడ్లు పెట్టిన చోటు అదే.

నాకు నర్సంపేట వైపు 3 ఎకరాలుంది. ఎక్కువ బంగినపల్లి, కొన్ని హిమాయత్, గట్టు మీద రెండు జామ చెట్లు. మొదటి ఏడాది నేనూ మందుల షాపుకే పరిగెత్తాను. రెండో ఏడాది ఎవరో చెబితే మిథైల్ యూజినాల్ ట్రాప్‌లు (వాసనతో ఈగలను లాగి పట్టే డబ్బాలు) తెచ్చి మే మొదటి వారంలో పది కట్టాను. మూడు రోజులకు మూత తీస్తే అడుగున గుప్పెడు ఈగలు! ఫొటో తీసి మా బామ్మర్దికి కూడా పంపాను. కానీ ఇంట్లో మాగబెట్టిన కాయలు కోస్తే మళ్లీ అవే పురుగులు. క్రేటుకు ఐదారు కాయలు పారేయాల్సి వచ్చేది.

ఎందుకో మా బాపు వల్ల తెలిసింది. రాలిన కాయలన్నీ నేను గట్టు పక్కన కుప్ప పోసేవాణ్ణి, ఎరువవుతుంది కదా అని. ఒకరోజు బాపు ఆ కుప్ప పక్కన పారతో మట్టి తీస్తూ "ఇవేం గింజలురా?" అని పిలిచాడు. అరచేతిలో గోధుమ గింజల్లాంటివి, కొంచెం పొట్టిగా, కదలకుండా. ఒక సీసాలో మట్టితో సహా పోసి, మూతికి పల్చని గుడ్డ కట్టి కిటికీలో పెట్టాను. పది రోజులు తిరగకముందే సీసా నిండా ఈగలు, నల్లటి వీపు మీద పసుపు చారలతో, చూస్తే కందిరీగ పిల్లల్లా. పురుగు కాయతోపాటు రాలి, బయటికొచ్చి, మట్టిలో దిగి కోశం కడుతుంది. గుడ్డు నుంచి ఈగ దాకా ఎండాకాలంలో నెల కూడా పట్టదు. అంటే నేను ఒక చేత్తో ఈగలను పడుతూ ఇంకో చేత్తో పెంచుతున్నానన్నమాట.

ఇంకో సంగతి, ఆ ట్రాప్‌లో పడేది మగ ఈగలే. (తులసిలోనూ ఈ మిథైల్ యూజినాల్ ఉంటుంది, వెనక తులసి ఆకులు నలిపి ఎరగా పెట్టేవాళ్లు.) మగవి తగ్గితే ఆడవాటికి జత దొరకదు, గుడ్లు పొదగవు. కానీ కాయ పక్వానికి వచ్చాక కడితే అప్పటికే జత కట్టిన ఆడ ఈగలు తోటలో తిరుగుతుంటాయి, వాటిని ట్రాప్ ఏమీ చేయదు. కోతకు 45 నుంచి 60 రోజుల ముందే కట్టాలి, అంటే మనకు మార్చిలోనే. ఎకరానికి 8 నుంచి 10, నీడ పట్టున, మనిషి ఛాతీ ఎత్తులో. ఎర ఎన్నాళ్లకు మార్చాలో ప్యాకెట్ మీద ఉంటుంది, అది మరిచిపోతే ఉత్త డబ్బా వేలాడుతున్నట్టే.

రాలిన కాయ మాత్రం రోజూ ఏరాల్సిందే. మొదట యూరియా సంచుల్లో కట్టి పెట్టాను. రెండు రోజులకు చూస్తే కుట్టు సందుల్లోంచి పురుగులు వరస కట్టి బయటికి వస్తున్నాయి! ఇప్పుడు మందపాటి ప్లాస్టిక్ కవర్లో వేసి, మూతి బిగించి, వారం రోజులు ఎండలో పడేస్తాను. ఎక్కువ ఉంటే రెండడుగుల లోతు గుంత తీసి పూడుస్తాను. కోత అయ్యాక చెట్ల కింద పైపైన దున్నిస్తే మట్టిలోని కోశాలు బయటపడి ఎండకు మాడతాయి, కొన్ని పక్షులు తింటాయి.

పక్క తోట సంగతి తేలకపోతే సగం శ్రమ వృథా. మా పక్కాయన తోట గుత్తకు ఇచ్చాడు. గుత్తేదారు రాలిన కాయ ఎందుకు ఏరుతాడు? చివరికి ఆయన తోటకు కూడా ట్రాప్‌లు నేనే కొన్నాను. మా ఆవిడ నవ్వింది గానీ మరుసటేడు రెండు మూడు క్రేట్లకు ఒక పురుగు కాయ దొరికింది, అంతే.

కాయను చెట్టు మీద పండనివ్వకండి, పక్వానికి రాగానే కోయండి. తొలకరి పడ్డాక ఈగ ఉధృతి ఎక్కువ, ఆలస్యంగా వచ్చే రకాలకే దెబ్బ గట్టిగా తగులుతుంది. 2014లో యూరప్ వాళ్లు మన మామిడిని ఆపేయడానికి కారణం పండు ఈగలే, మళ్లీ 2015లో గానీ ఒప్పుకోలేదు. చల్‌గల్ మార్కెట్లో కూడా కొనేవాళ్లు కాయ కోసి చూస్తే మన పని అంతే కదా.

ఆడ ఈగలకు బెల్లం ఎర మందు కూడా ఉంది, దాని మోతాదు నన్నడగొద్దు, మీకు పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం దగ్గరే, అక్కడ కనుక్కోండి. ఈ ఈగ జామకాయలోనూ గుడ్లు పెడుతుంది, మీ గట్ల మీద జామ ఉందా? ఉంటే దాని కింద రాలిన కాయ కూడా ఒకటి కోసి చూసి ఇక్కడే రాయండి.